గుర్రమెక్కిన రాజులు, గుర్రమెక్కిన ఇంజనీరు

దిమ్మెల మీది చరిత్ర – 6వ భాగం

గత భాగంలో రోమ్‌ నగరంలో మార్కస్‌ అరేలియస్‌ కంచు విగ్రహం దగ్గర ఆగాం. గుర్రం మీద ఉన్నది క్రైస్తవాన్ని ఆదరించిన కాన్‌స్టంటైన్‌ అనుకుని మధ్యయుగాల జనం దాన్ని కరిగించకుండా వదిలేశారు. అలా బతికిపోయిన ఆ రౌతు యూరప్‌ రాజులందరికీ నమూనా అయ్యాడు. కుడిచెయ్యి చాచి, నెమ్మదిగా అడుగు వేస్తున్న గుర్రం మీద కూర్చోవాలని ప్రతి రాజుకూ కోరిక పుట్టింది. ఆ గుర్రం ఇంగ్లండు చేరి, అక్కడి నుంచి ఓడెక్కి మద్రాసు వచ్చి, చివరికి గోదావరి లాకుల దగ్గర ఎలా నిలబడిందో ఈ భాగంలో చూద్దాం.

ఒకే ఏడాది, రెండు కాగితాలు

1766 నవంబరులో నిజాం అలీ ఖాన్‌ ఉత్తర సర్కారుల మీద ఈస్టిండియా కంపెనీ హక్కును ఒప్పుకుంటూ సంధి చేసుకున్నాడు. రాజమహేంద్రవరం సర్కారుతో పాటే గౌతమికీ వశిష్ఠకూ నడుమనున్న కోనసీమ కూడా కంపెనీ శిస్తు లెక్కల్లోకి వెళ్లింది. అప్పటి ఇంగ్లండు రాజు మూడో జార్జి. ఆయన రాజ్యానికి పడమటి చివర అదే ఏడాది మరో కాగితం తయారైంది. జనం మండిపడ్డ స్టాంపు పన్నును లండన్‌ రద్దు చేసినందుకు కృతజ్ఞతగా న్యూయార్క్‌ శాసనసభ రాజుగారికి అశ్వారూఢ విగ్రహం పెట్టాలని తీర్మానించింది.

ఆ పని లండన్‌ శిల్పి జోసెఫ్‌ విల్టన్‌కు అప్పగించారు. ఆయన మార్కస్‌ అరేలియస్‌ను మనసులో పెట్టుకుని రాజుకు రోమన్‌ దుస్తులు తొడిగాడు, సీసంతో పోత పోసి బంగారు పూత పూశాడు. 1770 ఆగస్టులో న్యూయార్క్‌లోని బౌలింగ్‌ గ్రీన్‌లో తుపాకుల వందనాలతో విగ్రహాన్ని ఆవిష్కరించారు.

1776 జులై 9న అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను వాషింగ్టన్‌ సైన్యానికి చదివి వినిపించారు. అది విన్న సైనికులు, ఊరి జనం కలిసి నేరుగా బౌలింగ్‌ గ్రీన్‌కు వెళ్లారు. రాజు మెడకూ గుర్రానికీ మోకులు కట్టి లాగి పడేశారు. సీసం ముక్కల్లో చాలాభాగం కనెటికట్‌లోని లిచ్‌ఫీల్డ్‌ ఊరికి చేరింది. అక్కడ ఆడవాళ్లు, పిల్లలు కూర్చుని ఆ సీసాన్ని కరిగించి, అచ్చుల్లో పోసి తుపాకీ గుళ్లు చేశారు. ఎన్ని గుళ్లు అయ్యాయో లెక్క కూడా రాసి ఉంచారు: 42,088. రాజుగారి విగ్రహం గుళ్లయి రాజుగారి సైన్యం మీదికే వెళ్లింది. గుర్రం తోక ముక్క ఒకటి మాత్రం న్యూయార్క్‌ చరిత్ర సంఘం దగ్గర ఇప్పటికీ ఉంది.

కృతజ్ఞతతో పెట్టిన విగ్రహం ఆరేళ్లు తిరిగేసరికి మందుగుండు సామగ్రిగా మారింది. దీన్ని గుర్తుంచుకోండి, కోనసీమకు వచ్చాక పనికొస్తుంది.

సీసం కొట్లు

ఇంతకీ రాజుగారి విగ్రహానికి సీసం ఏమిటి, కంచు దొరకలేదా? దొరికేది, కానీ ఖర్చు. కంచు కరగాలంటే సుమారు వెయ్యి డిగ్రీల వేడి కావాలి. సీసానికి 327 డిగ్రీలు చాలు. కొలిమి చిన్నది, కట్టెలు తక్కువ, కూలి తక్కువ. ఒకసారి అచ్చు తయారైతే అదే అచ్చులో మళ్లీ మళ్లీ పోయవచ్చు. పైన రంగు వేస్తే రాయిలా ఉంటుంది, పూత పూస్తే బంగారంలా మెరుస్తుంది. అందుకే 18వ శతాబ్దపు లండన్‌లో హైడ్‌పార్క్‌ మూల చుట్టుపక్కల సీసం విగ్రహాల కొట్లు వెలిశాయి. జాన్‌ నోస్ట్‌ కుటుంబం, ఆ తరవాత జాన్‌ చీర్‌ ఈ వ్యాపారంలో పేరు మోశారు. తోటలో పెట్టుకునే గ్రీకు దేవత కావాలన్నా, కూడలిలో నిలబెట్టే రాజు కావాలన్నా అక్కడికే వెళ్లేవారు. కేవెండిష్‌ స్క్వేర్‌లో 1770లో పెట్టిన కంబర్‌లాండ్‌ డ్యూకు గుర్రం కూడా చీర్‌ పోసిన సీసమే.

సీసంతో వచ్చిన చిక్కల్లా దాని మెత్తదనమే. గుర్రం పొట్ట బరువు, పైన మనిషి బరువు కలిసి నాలుగు సన్నని కాళ్ల మీద పడతాయి. ఆ కాళ్లు వంగకుండా లోపల ఇనుప కడ్డీలు పెట్టేవారు. సందుల్లోంచి వాన నీరు దిగితే ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, పైనున్న సీసం చీలుతుంది. లండన్‌లోని లెస్టర్‌ స్క్వేర్‌లో 1748లో పెట్టిన మొదటి జార్జి విగ్రహానికి పట్టిన గతి ఇందుకు సాక్ష్యం. ఏళ్లు గడిచేకొద్దీ రాజు అవయవాలు ఒక్కొక్కటే ఊడాయి. గుర్రాన్ని పడిపోకుండా కర్రలతో నిలబెట్టారు. 1866లో ఒక రాత్రి ఎవరో గుర్రానికి తెల్లరంగు పూసి నల్లచుక్కలు పెట్టి, రాజు నెత్తిన కుచ్చు టోపీ తగిలించి, చేతికి చీపురుకట్ట ఇచ్చి పోయారు. లండన్‌ జనం తండోపతండాలుగా వచ్చి చూసి నవ్వుకున్నారు. కొన్నేళ్లకు ఆ తుక్కునూ తీసేశారు.

ఈ ‘ఇంగ్లిషు’ రాజుల విగ్రహాలు చేసినవాళ్లలో పేరున్నవారు చాలామంది పైదేశస్థులే. నోస్ట్‌, రిస్‌బ్రాక్‌, స్కీమేకర్స్‌ ఇప్పటి బెల్జియం ప్రాంతం నుంచి వచ్చారు, రూబియాక్‌ ఫ్రెంచివాడు. బ్రిస్టల్‌ నగరం మూడో విలియం రాజు విగ్రహానికి పోటీ పెడితే ఆంట్‌వెర్ప్‌వాళ్లిద్దరే, రిస్‌బ్రాక్‌, స్కీమేకర్స్‌, తలపడ్డారు. రిస్‌బ్రాక్‌ గెలిచాడు. ఆయన ఇత్తడి గుర్రం 1736 నుంచి బ్రిస్టల్‌లో ఉంది. స్కీమేకర్స్‌ గుర్రం సీసంలో పోత పోసుకుని, బంగారు పూతతో 1734లోనే హల్‌ రేవుకు వెళ్లింది. రాజులను నిలబెట్టే విద్యను ఇంగ్లండు బయటినుంచే అరువు తెచ్చుకుంది.

రికాబులు లేని మన్రో

మన రాష్ట్రానికి దగ్గర్లో ఉన్న పెద్ద గుర్రం చెన్నపట్నంలో, ఐలాండ్‌ మైదానం దగ్గర ఉంది. దాని మీద కూర్చున్నవాడు రాజు కాదు, మద్రాసు గవర్నరు థామస్‌ మన్రో. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు కలెక్టరుగా ఊరూరూ తిరిగి రైత్వారీ పద్ధతిని స్థిరపరచిన మనిషి. రాయలసీమలో పిల్లలకు ‘మన్రోలప్ప’ అని పేరు పెట్టుకున్నారంటే ఆయన మీద జనానికి ఎంత గురి ఉండేదో ఊహించుకోవచ్చు. 1827 జులై 6న కర్నూలు సీమలోని పత్తికొండలో కలరా సోకి చనిపోయాడు.

మద్రాసులో చందాలు వసూలు చేసి లండన్‌లోని ఫ్రాన్సిస్‌ చాంట్రీకి విగ్రహం పని అప్పగించారు. మన్రో అప్పటికే లేడు కాబట్టి చిత్తరువులు చూసి ముఖం దిద్దాల్సి వచ్చింది. ఆరు టన్నుల కంచు విగ్రహం ఓడలో వచ్చింది. 1839 అక్టోబరులో దిమ్మె మీదికి ఎక్కింది.

ఆ విగ్రహానికి జీను లేదు, రికాబులు లేవు. శిల్పి మరిచిపోయాడని, తప్పు తెలిశాక సిగ్గుతో ప్రాణం తీసుకున్నాడని మద్రాసులో తరతరాలుగా చెప్పుకుంటారు. హల్‌ ఊళ్లో స్కీమేకర్స్‌ గుర్రం గురించి కూడా అచ్చంగా ఇదే కథ చెబుతారు. రెండూ కట్టుకథలే. చాంట్రీ లండన్‌కు చేసిన నాలుగో జార్జి విగ్రహం ఇప్పుడు ట్రఫాల్గర్‌ స్క్వేర్‌లో ఉంది, దానికీ రికాబుల్లేవు. ఒకే శిల్పి రాజుకు, గవర్నరుకు ఇద్దరికీ మరిచిపోతాడా? రోమన్ల కాలంలో రికాబులే లేవు. మార్కస్‌ అరేలియస్‌ పాదాలు గాలిలో వేలాడతాయి. రోమన్‌ గాంభీర్యం కావాలనుకున్న శిల్పులు కావాలనే వాటిని వదిలేశారు.

చాంట్రీ గుర్రంలో మరో మార్పు కూడా ఉంది. 18వ శతాబ్దపు రాజుల గుర్రాలు ముందుకాలు ఎత్తి కవాతు చేస్తుంటాయి. మన్రో గుర్రం నాలుగు కాళ్లూ నేలమీద పెట్టి కదలకుండా నిలబడింది, మీదున్న మనిషి కాస్త వెనక్కి వాలి ఎదురుగా ఉన్న భూమిని చూస్తుంటాడు. యుద్ధం గెలిచిన రాజు స్థానంలో పొలం కొలిచిన అధికారి వచ్చి కూర్చున్నాడు. అశ్వారూఢ విగ్రహం దిశ మారింది ఇక్కడే. కానీ డబ్బు పట్నం పెద్దలది, పనివాడు లండన్‌వాడు. శిస్తు కట్టిన రైతుకు ఆ విగ్రహం పెట్టడంలో ప్రమేయం లేదు.

ధవళేశ్వరం గుర్రం

మన్రో గుర్రం మద్రాసులో దిగేనాటికి గోదావరి డెల్టా ఎండిపోయి ఉంది. 1833 నాటి కరువు, 1839 ఉప్పెన ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేలు. 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. పక్కనే నది సముద్రంలోకి పోతోంది, ఒడ్డున జనం తిండిలేక ఊళ్లు విడుస్తున్నారు.

అప్పుడు వచ్చినవాడు ఆర్థర్‌ కాటన్‌. 1803లో పుట్టిన సైనిక ఇంజనీరు, అంతకుముందే కావేరి మీద పనిచేసి చెయ్యి తిరిగినవాడు. గుర్రం మీద డెల్టా అంతా తిరిగి పల్లమెరకలు చూసుకున్నాడు. 1847లో పని మొదలైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా ఆనకట్ట 1852కు పూర్తయింది. బొబ్బర్లంక దగ్గర మొదలైన మధ్య డెల్టా కాలువ కోనసీమలోకి దిగింది. రాజోలు వైపు నీళ్లు పోవాలంటే వైనతేయ పాయ అడ్డం. గన్నవరం దగ్గర పాయ మీదుగా 49 కమానులతో అక్విడెక్టు కట్టి కాలువనే నది దాటించారు. కింద నది, పైన కాలువ.

కాటన్‌ కంపెనీ ఉద్యోగి. ఆనకట్ట ధర్మసత్రం కాదు, పెట్టిన ఖర్చును శిస్తు రూపంలో రాబట్టుకోవడానికే కంపెనీ ఒప్పుకుంది. అయినా కోనసీమ రైతుకు దక్కింది మాత్రం లెక్కల పుస్తకంలోని లాభం కాదు, ఏటేటా చేను తడిపే నీళ్లు. అందుకే 1899లో ఇంగ్లండులో కన్నుమూసిన కాటన్‌ ఇక్కడ చావలేదు. గోదావరిలో స్నానసంకల్పం చెప్పే పురోహితులు ఆయన పేరు కలిపి చెప్పే ఆనవాయితీ ఉంది. మే 15న పుట్టినరోజు చేస్తారు. పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజి వచ్చి 1982లో జాతికి అంకితమైనప్పుడు దానికీ ఆయన పేరే నిలిచింది. ధవళేశ్వరంలో ఆయన గుర్రం మీద ఉన్నాడు. డెల్టా ఊళ్లలో కాలువ గట్ల మీద, సెంటర్లలో కొన్నిచోట్ల గుర్రంతో, కొన్నిచోట్ల నిలువుగా, కొన్నిచోట్ల ఛాతీ దాకా కనిపిస్తాడు.

దేశమంతా తెల్లదొరల విగ్రహాలు దిమ్మెలు దిగి మ్యూజియాల పెరళ్లకు చేరుతున్న స్వతంత్ర భారతంలో గోదావరి జిల్లాల జనం చందాలు వేసుకుని ఒక తెల్లదొరను కొత్తగా గుర్రమెక్కించారు. ఈ పని ఏ గవర్నరూ చెప్పి చేయించింది కాదు.

గన్నవరం అక్విడెక్టు దగ్గర మరో సంగతి చెప్పుకోవాలి. పాతది బలహీనపడ్డాక 2000లో ప్రారంభించిన కొత్త అక్విడెక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఉంటూ, లంకలు దాటి వచ్చే బాటసారులకు వేళ కాని వేళలో కూడా అన్నం పెట్టిన ఇల్లాలు ఆమె. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేక సందర్భంలో ఆమెను పిలిచారని, తాను రానంటే కనీసం ఫొటో అయినా కావాలని తెప్పించుకున్నారని కోనసీమలో చెబుతారు. రాజుల బొమ్మలు వలసలకు రావడమే చరిత్రలో ఎక్కువ. ఇక్కడ రాజే మన ఊరి ఆవిడ బొమ్మ అడిగాడన్నది జనం గర్వంగా దాచుకున్న మాట.

కొత్తపేట అచ్చులు

ఇప్పుడు తెలుగునాట ఏ సెంటర్లో నాయకుడి విగ్రహం చూసినా అది కొత్తపేటలో తయారై ఉండే అవకాశం ఉంది. కోనసీమలోని ఈ ఊరు విగ్రహాలకు పెట్టింది పేరు. శిల్పి రాజ్‌కుమార్‌ వుడయార్‌ శిల్పశాల నుంచి రెండు రాష్ట్రాలకూ విగ్రహాలు లారీలెక్కి వెళ్లాయి.

పని తీరు ఇలా ఉంటుంది. ముందు ఇనుప ఊచలతో ఎముకల గూడు కడతారు. దాని మీద బంకమట్టి అద్దుతూ రూపు తెస్తారు. మట్టి ఆరిపోతే పగుళ్లొస్తాయి కాబట్టి తడిగుడ్డ కప్పి ఉంచాలి. ముఖం దగ్గరే అసలు పరీక్ష. మనిషి బతికి లేకపోతే ఇంట్లోవాళ్లు తెచ్చిన ఫొటోలే ఆధారం. ఎదుటి నుంచి తీసిన ఫొటో ఉంటుంది, పక్కనుంచి తీసింది ఉండదు. ముక్కు ఎంత ముందుకు వచ్చిందో, చెవి ఎంత వెనక్కి ఉందో శిల్పి అంచనా కట్టాలి. ఇంటివాళ్లు వచ్చి చూసి ‘పెదవి దగ్గర ఇంకాస్త నవ్వుండాలండీ’ అంటారు. మళ్లీ దిద్దుతారు. అందరూ ఔనన్నాక ప్లాస్టర్‌ ఆఫ్‌ పారిస్‌తో అచ్చు తీస్తారు. ఆ అచ్చులో ఫైబర్‌ పొరలు పరిచి విగ్రహం తీస్తే తేలిక, చవక. కంచు కావాలంటే మైనం నమూనా, దానిమీద మట్టి కవచం, వేడి చేసి మైనం కరిగించి తీసేశాక ఆ ఖాళీలో కంచు పోయడం. అప్పుడు కొలిమి, కూలి, రోజులు అన్నీ పెరుగుతాయి.

చాలా ఊళ్లకు అంత స్తోమత ఉండదు. ఫైబర్‌ విగ్రహానికి కంచు రంగో, బంగారు రంగో వేయించుకుంటారు. హైడ్‌పార్క్‌ మూలన జాన్‌ చీర్‌ సీసానికి బంగారు పూత పూసి అమ్మింది కూడా ఇలాంటి కొనుగోలుదారులకే. చవక పదార్థం, మళ్లీ వాడుకోగల అచ్చు, పైన ఖరీదైన రంగు: ఈ మూడూ ఎక్కడ కలిస్తే అక్కడ విగ్రహాలు కూడలి కూడలికీ వ్యాపిస్తాయి. తేడా ఒకటుంది. అక్కడి కొట్లకు దొరలు, నగర పాలకులు వచ్చేవారు. ఇక్కడికి ఊరి కుర్రాళ్లు, సంఘాలవాళ్లు, తండ్రిని పోగొట్టుకున్న కొడుకులు వస్తారు.

గాయకుడు ఎస్‌.పి. బాలసుబ్రహ్మణ్యం నెల్లూరులోని తమ పాత ఇంట్లో పెట్టడానికి తల్లిదండ్రుల విగ్రహాలను వుడయార్‌కే పురమాయించారు. 2020లో లాక్‌డౌన్‌ రోజుల్లో తన విగ్రహం కూడా చేయమని అడిగారు. కొలతలకు నేరుగా రాలేక ఫొటోలు పంపారు. అది చూసుకోకుండానే ఆ సెప్టెంబరు 25న వెళ్లిపోయారు. బతికుండగా రాజు శిల్పి ఎదుట కూర్చునే 18వ శతాబ్దపు లండన్‌ పద్ధతికి, ఫొటోల మీద ఆధారపడే మన పద్ధతికి మధ్య ఎంత దూరం ఉందో ఈ ఒక్క సంగతి చెబుతుంది.

బొమ్మను నాలుగు వైపుల నుంచీ చూసే అలవాటు మాత్రం కోనసీమకు లండన్‌ నేర్పింది కాదు. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామిని చూడండి. ఒకే నల్లరాతిలో ముందు కేశవుడు, వెనక మోహిని. హారతి వెలుగులో ముందు శంఖచక్రాలు చూసి వెనక్కి తిరిగితే సిగ ముడి కనిపిస్తుంది. ఎదుటి నుంచి మొక్కి వచ్చేస్తే సగం శిల్పమే చూసినట్లు.

ఎవరు నిలబెట్టారన్నదే లెక్క

న్యూయార్క్‌ సీసపు రాజు ఆరేళ్లు నిలిచాడు. బ్రిస్టల్‌ ఇత్తడి రాజు దాదాపు మూడు వందల ఏళ్లుగా ఉన్నాడు. లోహం గట్టిదైతే విగ్రహం గట్టిదని అనిపిస్తుంది. కానీ డబ్లిన్‌లో 1722లో పెట్టిన మొదటి జార్జి కంచుదే. ఐర్లండ్‌కు స్వపాలన వచ్చాక 1937లో దాన్ని అమ్మేస్తే ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చేరింది. డబ్లిన్‌లోనే మూడో విలియం గుర్రాన్ని 1928లో పేల్చేశారు. మనకు దూరం వెళ్లనక్కర్లేదు, 2011 మార్చి 10న హైదరాబాదు ట్యాంక్‌బండ్‌ మీద కూలిన తెలుగు మహనీయుల విగ్రహాలూ కంచువే.

విగ్రహాన్ని నిలబెట్టేది లోహం కాదు, దాన్ని పెట్టినవాళ్ల అవసరం. రాజు దయ కోరి పెట్టింది ఆ దయతో పనిలేని రోజున కూలుతుంది. రోజూ కాలువలో నీళ్లు చూసేవాళ్లు పెట్టింది నీళ్లున్నంత కాలం ఉంటుంది. కోనసీమలో కాటన్‌కు ఫైబర్‌ ఒళ్లు సరిపోవడానికి కారణం ఇదే.

అయితే ఒక లోటు మిగిలే ఉంది. గుర్రం మీద ఒక్కడికే చోటుంటుంది. రాజుల విగ్రహాల నుంచి మనకు సంక్రమించిన దోషం ఇది: ఒక మనిషిని ఎత్తున కూర్చోబెట్టి మిగతావారిని మరిచిపోవడం. కాటన్‌ పక్కన ఉండి కూలీలను సమకూర్చి, పని నడిపించిన వీణెం వీరన్న పేరు డెల్టాలో ఎంతమందికి తెలుసు? తట్టలు మోసిన వేలమంది కూలీలకు దిమ్మె ఎక్కడుంది? ఇకముందు కొత్తపేటకు కాటన్‌ విగ్రహం కోసం వెళ్లే ఊరివాళ్లు పక్కనే వీరన్నకు కూడా ఒకటి చెప్పి రండి. తట్ట ఎత్తిన కూలి మనిషిని ఒకర్ని దిమ్మె మీద పలకంలోనైనా చెక్కించండి. మరో విగ్రహానికి అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు.

(వచ్చే భాగంలో: మద్రాసు మౌంట్‌రోడ్డు మీద కల్నల్‌ నీల్‌ విగ్రహం తొలగించాలని 1927లో సాగిన సత్యాగ్రహం, 1937లో దాని ఫలితం.)